సున్నం పడని గుంజలు

"కూరగాయల బండివాడి మీద లేచే నోరు ఆ మీటింగులో ఏమైంది? దానికేమైనా పడిశం పట్టిందా?"

"మెల్లగా మాట్లాడు. గోడ అవతల వాడున్నాడు."

"వినబడనీ. వాడు రాసిన లిస్టేగా. మూడు ఆదివారాలు సున్నం బకెట్టు పట్టుకుని యార్డంతా ఊరేగావు. ఉడుతలెక్కే చెట్టుకి గీశావు, కప్పలు కూర్చునే గుంటకి గీశావు. మన గుంజలకి ఒక్క గీత గీస్తే చెయ్యి పడిపోయేదా?"

"నా గుంజలకి నేనే గీసుకుంటానా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఇప్పుడు అనుకుంటున్నారులే. అడగనిదే అమ్మయినా పెట్టదు. నువ్వు అడగడం మాట అటుంచి, విస్తరి కూడా తీసి దాచావు."

"సరే, తిను. చల్లారిపోతోంది."

"రేపటి దుప్పట్లు ఎక్కడ ఆరేస్తావు? నా నెత్తి మీదా?"

"నీ నెత్తి మీద చోటెక్కడిది, రెండు రుమాళ్ళకి కూడా చాలదు."

మామూలుగా అయితే ఆ మాటకి ఆయన నవ్వేవాడు. ఆ సాయంత్రం నవ్వలేదు. కంచం పక్కకి జరిపిన చప్పుడు వినిపించింది.

గోడ ఇవతల ఉన్నది నేను. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. వాళ్ళింట్లో చెంచా కింద పడితే మా అమ్మ ఇక్కణ్ణుంచే "ఏం పడింది వదినా" అని అడుగుతుంది. ఆమె నాకు చుట్టరికంలో ఏమీ కాదు. ఊహ తెలిసినప్పటినుంచీ అత్త, అంతే. వీధి మొత్తానికి దుప్పట్లత్త. ఆయన మడతల మావయ్య. ఆ రోజే వాళ్ళు బట్టలు ఆరేసుకునే గుంజలన్నిటినీ గ్యాసు కట్టరుతో కోసేశారు. తీసెయ్యవలసినవాటి జాబితా నా చేతిరాతలోనే ఉంది.

ఆ గుంజలున్న చోట పార్కు తెరిచి ఏడాదవుతోందని కమిటీవాళ్ళు పుస్తకం వేస్తున్నారు. అత్త గురించి నాలుగు పేజీలు రాయమని నాకు అప్పజెప్పారు. కాలేజీ మధ్యలో మానేసి ఒకచోట కుదురుగా కూర్చోలేనివాడికి పని చెప్పడమంటే అందరికీ సరదా. పైగా నా దస్తూరి బాగుంటుంది. అందుకని రాస్తున్నాను. పొగడ్త కోసం చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

అత్త పని దుప్పట్లు ఉతకడం. రెండు లాడ్జీలవి, ఒక నర్సింగ్ హోముది. రోజుకి నలభై దుప్పట్లు, వాటికి తగ్గ గలీబులు. ఇంటి ముందుగది సగం సిమెంటు తొట్టి, మిగతా సగం మూటలు. పడుకోవడం, వండుకోవడం, తిట్టుకోవడం అంతా వెనకగదిలోనే. ఎవరి దుప్పటి ఎవరిదో కలిసిపోకుండా మూలన దారంతో చిన్న కుట్టు వేసేది. నర్సింగ్ హోముకి ఎరుపు, పెద్ద లాడ్జీకి పచ్చ, చిన్న లాడ్జీకి నలుపు. "నల్లదారంవాళ్ళు మనుషులు కారురా, బూట్లతో పడుకుంటారు" అనేది. గలీబుకి జుట్టురంగు అంటి ఉంటే పైకెత్తి మావయ్యకి చూపించి "ఇదిగో, ఎవరో మళ్ళీ కుర్రాడయ్యాడు" అనేది. నెత్తురు మరకలు మాత్రం ఎవరికీ చూపించేది కాదు. వాటిని చన్నీళ్ళలో వేరే నానబెట్టి, మాట్లాడకుండా రుద్దేది.

సబ్బు సగం పనే చేస్తుందనీ, మిగతా సగం ఎండ చెయ్యాలనీ ఆమె లెక్క. ఆరిన ప్రతి దుప్పటినీ ముఖానికి ఆనించుకుని వాసన చూసేది. ఎండ వాసన రాకపోతే మళ్ళీ దండెం మీదికే.

ఆ ఎండ ఉన్నది ఇంటి వెనక. వెనక గోడలో మనిషి ఒంగితే పట్టేంత కంత ఉండేది. అవతల గూడ్సు యార్డు. నేను పుట్టకముందే రైళ్ళు ఆగిపోయాయి. పట్టాలు పెరికి తీసుకెళ్ళారు, నల్లకంకర వదిలేశారు. చెత్త పోసేవాళ్ళు పోశారు, తాగేవాళ్ళు తాగారు. మిగతాదంతా తుమ్మలూ, ఆముదాలూ, జిల్లేడూ చూసుకున్నాయి. మావయ్య ఆ యార్డులోనే మూటలు మోసేవాడు. పని పోయాక, అక్కడ పడి ఉన్న పట్టాల ముక్కల్ని ఒక్కొక్కటే లాక్కొచ్చి, గొయ్యి తీసి నిలబెట్టాడు. పదకొండు జతలు. నెల రోజులు పట్టింది. ఇరవై రెండో ముక్క ఎత్తుతుంటే జారి నడుం మీద పడింది. అదీ పాతించాడు, వేరేవాళ్ళ చేత. ఆ తర్వాత ఆయన పది నిమిషాలకి మించి ఎప్పుడూ నిలబడలేదు. బల్ల మీద కూర్చుని దుప్పట్లు మడతపెట్టేవాడు. అంచుకి అంచు, మూలకి మూల, దారం రంగు పైకి కనబడేట్టు. ఆయన మడత విప్పితే దుప్పటి మీద నాలుగు గీతలే ఉంటాయి, ఐదోది ఉండదు. పంతొమ్మిదేళ్ళు వాళ్ళిద్దరూ ఆ పదకొండు దండేల మీద బతికారు.

పార్కు కబురు తెచ్చింది మునిసిపాలిటీ నుంచి వచ్చిన ఒకావిడ. అందరం పార్కు మేడం అంటాం. పాతికేళ్ళుంటాయేమో. మంచి మనిషి, చిక్కంతా అక్కడే. చెడ్డదైతే వీధంతా కలిసి పోట్లాడేవాళ్ళం. మొదటి మీటింగులో ఆవిడ ఏ బొమ్మా చూపించలేదు. "బొమ్మ గీసి తెచ్చి మీ మీద రుద్దడం నాకిష్టం లేదండీ. ఇక్కడ ఏం ఉండాలో మీరే తేల్చండి" అంది. రిటైరైన టీచర్ గారు కమిటీకి పెద్దయ్యారు, నేను రాతగాణ్ణి.

తేల్చడానికి ఆవిడ పెట్టిన పద్ధతి ఇది. మూడు ఆదివారాలు వీధిలో ప్రతి ఇంటికీ ఒక డబ్బా తడిసున్నం, ఒక కుంచె. యార్డులో తిరిగి, ఉండాలనుకున్నదానికల్లా తెల్లగీత గీయాలి. గీత ఉన్నది ఉంటుంది, లేనిది పోతుంది. వినడానికి ఎంత తేలిక. జనం విరగబడి వచ్చారు. మంగలాయన తను మధ్యాహ్నం కునుకు తీసే రాతిపలకకి గీశాడు. పిల్లలు చీమలపుట్టకి గీశారు. మా అమ్మ ఒక రేగుచెట్టుకి రెండు గీతలు గీసింది, ఒకటి చెరిగిపోతే ఇంకొకటి ఉంటుందని.

అత్త డబ్బా కాదు, బకెట్టు పట్టుకుంది. ఎందుకంటే ఆ నేల తెలిసింది ఆమెకే. ఏ పొదలో తేనెపిట్ట గూడు కడుతుందో, ఎక్కడ నీళ్ళు నిలిచి కప్పలు చేరతాయో, ఏ తుమ్మ పైకి ఎండినట్టుండి లోపల పచ్చిగా ఉంటుందో, పంతొమ్మిదేళ్ళు రోజుకి రెండుసార్లు దుప్పట్లు మోసుకుంటూ చూసిన మనిషి. మేడం ఆమె వెనకాలే నోట్ బుక్కు పట్టుకుని తిరిగింది. "ఇది కొట్టెయ్యొచ్చా అమ్మా?" "వద్దమ్మా, దీని కింద నీడకి పాములొస్తాయి." "అయితే కొట్టెయ్యాలి కదా?" "పాములు వెళ్ళి మా ఇంట్లో పడుకోవాలా మరి?" మేడం నవ్వి గీత గీయించింది. మొత్తం నలభై మూడు చెట్లు, రెండు నీటిగుంటలు అత్త గీతతో బతికాయి. ఇవాళ పార్కులో ఎవరైనా పెద్దచెట్టు కింద కూర్చున్నారంటే అది ఆమె గీత గీసిన చెట్టే.

ఆ మూడు ఆదివారాల్లోనూ ఆమె గుంజలు దాటి కనీసం వందసార్లు నడిచి ఉంటుంది. వాటికి గీయలేదు.

మేం కూడా గీయలేదు. ఎవరి మటుకు వాళ్ళు, అత్తవి అత్త చూసుకుంటుందిలే అనుకున్నాం. ఒకరి తలుపు మీద ఇంకొకరు పేరు రాయరు కదా, అలాగ. మూడో ఆదివారం అయ్యాక నేను యార్డంతా తిరిగి జాబితా రాశాను. ఉండేవి ఒక కాగితం మీద, పోయేవి ఇంకో కాగితం మీద. పోయేవాటిలో ఏడో నంబరు: "ఇనప గుంజలు, 22." రాస్తుంటే నాకు తెలుసు అవి ఎవరివో. చిన్నప్పుడు ఆ దుప్పట్ల మధ్య దాగుడుమూతలాడి, తడిదుప్పటికి మట్టిచేతులు అంటించి, చెంపదెబ్బ తిన్నవాణ్ణి. మేడంతో ముందే మాట్లాడుకుని ఉంటుంది, ఇదేదో పద్ధతి కోసం అనుకున్నాను. పక్కింటికి వెళ్ళి అడగడానికి నాకు పట్టేది పది అడుగులు. ఆ రోజు నాకు వేరే ఎక్కడికో వెళ్ళే తొందర ఉంది. ఎక్కడికో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

నెల తర్వాత గ్యాసు కట్టరు వచ్చింది. అప్పటికే అత్త ఆ రోజు మొదటి విడత పిండేసి, కంత దగ్గర బుట్టలో పెట్టింది. చేతులు మోచేతుల దాకా నురుగులో ఉన్నాయి. చప్పుడు విని వచ్చి చూసేసరికి ఆరు జతలు కింద పడి ఉన్నాయి. నేనూ అక్కడే ఉన్నాను, కాంట్రాక్టరుకి జాబితా ఇవ్వడానికి. అరుస్తుందనుకున్నాను. అరిస్తే పని ఆపించేవాణ్ణే. ఆమె కట్టరు పట్టుకున్నతని దగ్గరికి వెళ్ళి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ అడిగింది:

"నాయనా, ఆ చివరి నాలుగు జతలూ సాయంత్రం దాకా ఉంచుతావా? ఇవి తడివి. ఆరగానే తీసేసుకుంటాను."

అతను నా వైపు చూశాడు. నేను తలూపాను. నేను చేసింది అంతే.

"అలాగేనమ్మా" అన్నాడతను. వెళ్ళి నీడలో కూర్చున్నాడు, దుప్పట్లు ఆరేదాకా. మధ్యలో ఆమె అతనికి మంచినీళ్ళు ఇచ్చింది. ఆరాక ఒక్కొక్కటే తీసింది, వాసన చూసింది, బుట్టలో వేసింది. చివరి దుప్పటి తీశాక, దండెం తాళ్ళు కూడా విప్పుకుని చుట్టలు చుట్టుకుంది. "ఇక కానివ్వు" అంది. మావయ్య కంత దగ్గర బల్ల మీద కూర్చుని ఇదంతా చూశాడు. ఆ సాయంత్రం పోట్లాటే ఈ పేజీల మొదట్లో ఉన్నది.

మర్నాడు కమిటీలో పెద్ద గొడవ. టీచర్ గారు తల పట్టుకున్నారు. "ఒక్క మాట అని ఉంటే ఏం పోయేదమ్మా" అన్నారు. వీధిలో అందరూ అదే అన్నారు, ఒక్క మాట అని ఉంటే. అనీ అనీ తప్పంతా ఆమె నోటికి చుట్టేసి ఇళ్ళకి వెళ్ళారు. మేడం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను మూడు ఆదివారాలు ఆవిడ పక్కనే నడిచానండీ, అవేమిటని ఒక్కసారి కూడా అడగలేదు" అంది. నిజాయితీగా అన్న మాట. కానీ అప్పటికే ప్లాను పై ఆఫీసుకి వెళ్ళిపోయింది. గుంజలున్న చోట సీతాకోకచిలుకల కోసం పూలపొదలు. ఆ చోటే ఎందుకంటే, యార్డు మొత్తంలో ఎండ బాగా పడేది అక్కడే. ఆ సంగతి మేడంకి చెప్పింది కూడా అత్తే.

గోడలో కంత కూడా పూడ్చేశారు. పార్కుకి ఒకటే గేటు ఉండాలట.

టీచర్ గారు సిగ్గుపడి తన డాబా ఇచ్చారు. మూడో అంతస్తు పైన. తడిదుప్పటి ఎంత బరువుంటుందో ఎత్తినవాళ్ళకే తెలుసు. రెండు వారాలు నేను మోశాను, ఆ తర్వాత నాకు విసుగొచ్చింది, మానేశాను. ఆమె మోసింది. మోకాళ్ళు వాచాయి. ఇక ఇంట్లోనే తాళ్ళు కట్టి, ఫ్యాను పెట్టి ఆరేసింది. వెనకగదిలో మనిషి కదలాలంటే దుప్పట్లని చేత్తో తప్పించుకుంటూ ఈదాలి. వారం తిరిగేసరికి నర్సింగ్ హోమునుంచి ఒక మూట వెనక్కొచ్చింది, మీద చీటీ: వాసన వస్తోంది. అత్త మూట విప్పి, ఒక దుప్పటి ముఖానికి ఆనించుకుంది. "వాళ్ళు చెప్పింది నిజమే" అంది. తర్వాత పచ్చదారం పోయింది. నల్లదారంవాళ్ళు అందరికంటే ఎక్కువ రోజులు ఉన్నారు. బూట్లతో పడుకునేవాళ్ళకి వాసన పట్టింపేముంది అని మావయ్య అన్నాడు. చివరికి వాళ్ళూ పోయారు.

ఇప్పుడు ఆమె ఒక పెద్ద ఆసుపత్రి అడుగు అంతస్తులో, యంత్రాల లాండ్రీలో పనిచేస్తోంది. కిటికీలు లేవు. దుప్పట్లు పొగలు కక్కుతూ ఎండి బయటికొస్తాయి. "వేడిగా ఉంటాయిరా, అంతే. జ్వరం వచ్చినవాడి ఒళ్ళులాగ" అంది ఒకసారి. అక్కడ మడతలు కూడా యంత్రమే పెడుతుంది.

మావయ్యకి ఇప్పుడు మడత పెట్టడానికి ఏమీ లేదు. ఇంట్లో ఉన్నవి నాలుగు సొంత దుప్పట్లు. పొద్దున ఆమె వెళ్ళగానే బల్ల మీద కూర్చుని వాటిని విప్పుతాడు, దులుపుతాడు, అంచుకి అంచు పెట్టి మడుస్తాడు. మళ్ళీ విప్పుతాడు. గోడ ఇవతల నాకు ఆ దులిపిన చప్పుడు వినిపిస్తుంది. ఒకరోజు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర ఆపేశాను. బయటికి వెళ్ళి ఊరికే తిరిగొచ్చాను.

పార్కు బాగుంది. అబద్ధం చెప్పను. సాయంత్రం పెద్దవాళ్ళు నడుస్తారు, పిల్లలు చీమలపుట్ట చుట్టూ కూర్చుంటారు, పూలపొదల మీద పసుపుపచ్చ సీతాకోకలు నిజంగానే వాలతాయి. ఆదివారాలు మొక్కలకి నీళ్ళు పోసే పనికి అందరూ మొదట్లో వచ్చేవారు, ఇప్పుడు నలుగురైదుగురు వస్తున్నారు. అత్త ఒక్క వారం కూడా మానలేదు. ఎందుకు వస్తావని అడిగితే "మొక్కలేం చేశాయి పాపం" అంది. పూలపొదల వైపు మాత్రం నీళ్ళు వేరేవాళ్ళ చేత పోయిస్తుంది.

ఈ పుస్తకం కోసం మొదట నేను రాసింది వేరు. టీచర్ గారు చెప్పినట్టే రాశాను. "వీధి మేలు కోసం తన జీవనాధారమైన స్థలాన్ని సంతోషంగా అప్పగించిన త్యాగమూర్తి." అచ్చుకి ఇచ్చేముందు ఆమెకి చదివి వినిపించాలి కదా అని పోయిన ఆదివారం మధ్యాహ్నం పక్కింటికి వెళ్ళాను. మావయ్య కునుకు తీస్తున్నాడు. ఆమె ఎండిపోయిన సిమెంటు తొట్టి అంచున కూర్చుని గోళ్ళు తీసుకుంటోంది. తొట్టిలో ఇప్పుడు ఉల్లిపాయలు పోసుకున్నారు.

చదివాను. ఆమె గోళ్ళు తీసుకోవడం ఆపలేదు.

"త్యాగమూర్తి ఎవరు?"

"నువ్వే అత్తా."

"పెద్ద మాటేరా. మీ మావయ్య లేచాక చెప్తాను, నవ్వుతాడేమో చూద్దాం." ఇంకో గోరు తీసింది. "సంతోషంగా అని ఎవరు చెప్పారు నీకు?"

"టీచర్ గారు అలా రాస్తే బాగుంటుందన్నారు."

"డాబా ఇచ్చినా ఆయన మొహమాటం ఇంకా తీరలేదు." కత్తెర పక్కన పెట్టింది. "చూడూ. ఆ నేల మాది కాదు. కాగితం ముక్క లేదు మా దగ్గర. పంతొమ్మిదేళ్ళు నేను దేవుణ్ణి కోరుకున్నది ఒకటే, ఇది ఎవరిదని ఎవరూ అడక్కూడదు అని. ఖాకీబట్ట కనబడితే దుప్పటి వెనక దాక్కునేదాన్ని. అలాంటిదాన్ని, కుంచె ఇచ్చి నీది ఏదో గీసుకో అంటే ఎలా గీస్తాను? గీస్తే అడుగుతారు కదా. గీయకపోతే ఎప్పట్లాగే ఎవరి కంటా పడదనుకున్నాను."

"మావయ్యకి ఇది చెప్పావా?" అన్నాను.

"చెప్తే ఒప్పుకోవాలి కదా, ఆయన నడుం పోగొట్టుకుని నిలబెట్టినవాటిని నేను నోరు మూసుకుని పోగొట్టానని. నలుగురూ ఏమనుకుంటారోనని ఊరుకున్నానంటే తిట్టి వదిలేస్తాడు. భయపడ్డానంటే తిట్టడు. ఆయన తిట్టకపోతే నేను ఉండలేను."

లోపల మంచం కిర్రుమంది. ఆమె గొంతు తగ్గించింది.

"ఒక సాయం చేస్తావా? ఆ సంతోషంగా, అప్పగించింది, అవన్నీ కొట్టెయ్. మిగతాది నీకెలా తోస్తే అలా రాసుకో, బూట్ల సంగతి కూడా రాసుకో. ఈ భయం సంగతి కూడా రాయి, ఎన్నాళ్ళని దాస్తాను, ఆయనకి నేను నోటితో చెప్పలేను, నువ్వు చదివి వినిపిద్దువుగాని. కానీ ఒకటి. వాళ్ళు నన్ను అడగలేదని రాస్తే, నేను చెప్పలేదని కూడా రాయి. ఒకటి రాసి ఇంకోటి మింగెయ్యకు. రెండూ ఒకే పేజీలో పట్టేట్టు చూడు నాయనా, పేజీ తిప్పి చదివేవాళ్ళు తక్కువ."